కోతుల కళ్ళెదుట

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. రాజు పోయాడు. ఏడు సముద్రాల అవతల కరాళకేతు అనే మాంత్రికుడున్నాడని విని, వాణ్ణి చంపి వస్తానని పెద్దవాడు వెళ్ళాడు, కోతయ్యాడు. అన్నను చూసి రెండోవాడు వెళ్ళాడు, కోతయ్యాడు. ఇద్దరినీ చూసి మూడోవాడూ వెళ్ళాడు.

ఇక తల్లి నాగలాంబ బయల్దేరింది. ఒక ముసలి తాబేలు ఆమెను వీపున ఎక్కించుకుంది.

"వాడి ప్రాణం చిలకలో ఉందమ్మా. చిలక పంజరంలో. పంజరం నున్నటి రాతి కంబం మీద. కోతులు తప్ప ఎవరూ ఎక్కలేరు," అంది.

నాగలాంబ వంటమనిషినని చెప్పి మాంత్రికుడి ఇంట చేరింది. వాడు పొద్దస్తమానం ఇసుకలో గవ్వలు పరిచి జరుపుతుండేవాడు.

"ఇదేం ఆట, నాయనా?"

"ఆట కాదే ముసలిదానా. ఒక్కో గవ్వ ఒక్కో కోతి. పిల్ల తల్లిని చూసి నేర్చుకుంటుంది, తల్లి తన అక్కని చూసి. పెద్ద మగకోతి ఎవర్నీ చూడదు. ఎవరు ఎవర్ని చూస్తారో తెలిస్తే, ఏ విద్య ఎందాకా పాకుతుందో గవ్వలు ముందే చెప్తాయి."

"మరి నన్ను చూస్తే?"

"నీ మొహం ఎవరు చూస్తారు," అని నవ్వాడు.

ఆమెకు గవ్వ పెట్టలేదు.

నాగలాంబ ఒక బాలింత కోతి ముందు కూర్చుంది. పెట్టె గడియ తీసి, లోపలి కొయ్యచిలకను బయటికి తీసి చూపించింది. అలా తీసి చేతికిస్తే బెల్లం ముక్క. తల్లికోతి నేర్చింది. దాన్ని చూసి పిల్ల, పిల్లను చూసి తోటిపిల్లలు, వాటిని చూసి మూకంతా. చివరికి ఒక గున్న కోతి కంబమెక్కి, పంజరం గడియ తీసి, నిజం చిలకను తెచ్చి బెల్లం కోసం చెయ్యి చాపింది.

మాంత్రికుడు పరుగెత్తుకొచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"చంపితే చంపు. వీటి ముందు మాత్రం వద్దు. అటు తిరిగి చంపు. చూస్తే నేర్చుకుంటాయి."

"నా కొడుకుల్ని కోతుల్ని చేసినవాడివి, నాకు నీతులా?"

ఎడమచేత్తో చిలక రెక్కలు అదిమి, కుడిచేత్తో మెడ తిప్పింది. మాంత్రికుడి తల వాలిపోయింది. ముందు వరసలో కూర్చుని చూస్తున్న మూడు కోతులు మనుషులై లేచి నిలబడ్డాయి.

ఇంటికొచ్చాక ముగ్గురికీ పెళ్ళిళ్ళయ్యాయి. పందిట్లో పెద్దకోడలి గోరింక ఆపకుండా కూస్తోంది. పెద్దవాడు ఎడమచేత్తో రెక్కలు అదిమాడు, కుడిచేత్తో మెడ తిప్పాడు. తమ్ముళ్ళు నవ్వారు.

"ఎక్కడ నేర్చావురా?" అంది నాగలాంబ.

"నువ్వేగా చూపించావమ్మా."

ఆ ఏడే ఎదురు చెప్పిన మంత్రి మెడ కూడా తిరిగింది. ఆపైన ఎదురు చెప్పేవాడు లేడు గనక, పెద్దవాడు చాలాకాలం రాజ్యమేలాడు.

మనవలు పుట్టారు. ఎత్తుకోమని వాళ్ళు పాక్కుంటూ వస్తే, నాగలాంబ చేతులు రెండూ కొంగు కింద దాచుకునేది.