పొయ్యిరాళ్ళ అర్జీ

అనగా అనగా అంటాను, ఊఁ అనండి. ఊఁ అన్నవాళ్ళకే కథ, ఆవలించేవాళ్ళకి లేదు.

అనగా అనగా, కొండకి దారులు ఇంకా మేకలే వేస్తున్న కాలంలో, పల్లంలో కోటలో ఒక రాజు ఉండేవాడు. కొండ మీద ఊళ్ళో ఒక బారిక ఉండేవాడు. రాజు పేరేమిటో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. బారిక పేరు గాసి.

బారిక అంటే ఊరికి కబురు చెప్పే మనిషి. ఎవరైనా పుడితే చెప్పాలి. ఎవరైనా పోతే చెప్పాలి. తగువొస్తే పెద్దల కూటానికి అందర్నీ పిలవాలి. గాసికి పొలం లేదు, పెళ్ళాం లేదు, పిల్లాజెల్లా లేరు. ఉన్నదల్లా గొంతు. ఈ కొండ మీద వాడు కేకేస్తే ఆ కొండ మీద కుక్కలు మొరిగేవి.

ఆ కొండ మీద న్యాయం ఎలా ఉండేదో చెబుతాను వినండి. ఎవడైనా తప్పు చేస్తే పెద్దలు కూర్చునేవారు. జరిమానా వేసేవారు. ఒక మేక, రెండు కుండల కల్లు, ఒక కుండ తేనె. మేకని ఊరు తినేది. కల్లు ఊరు తాగేది. తేనె కోటకి పోయేది. తప్పు చేసినవాడు కూడా బంతిలో కూర్చుని తిని, మూతి తుడుచుకుని ఇంటికి పోయేవాడు. న్యాయం జరిగిందని అందరూ అనుకునేవారు. గాసీ అలాగే అనుకునేవాడు. వాడికీ ఒక దొప్పెడు కూర వచ్చేది మరి!

ఒక ఏడు, వానలు ఇంకా మూడు సంతల దూరంలో ఉన్నాయి. అక్కడ వారాల్ని సంతలతోనే లెక్కపెడతారు. అప్పుడు సుక్రి ఇంటి మీద ఆపద పడింది. పక్క కొండవాడొకడు తెల్లవారుతూనే వచ్చి దున్నే ఎద్దుల జతని తోలుకుపోయాడు. అడ్డుపడిన సుక్రి మొగుడు బుద్రాని గొడ్డలి కర్రతో బాది కుడిచెయ్యి విరగ్గొట్టాడు. దొంగ దొరికాడు కానీ ఎద్దులు దొరకలేదు. అవి అప్పటికే పల్లంలో ఎక్కడో చేతులు మారిపోయాయి. పెద్దలు కూర్చున్నారు. జరిమానా వేశారు. మేక తెగింది.

విందుకి పిలవడానికి గాసి ఇంటింటికీ తిరిగాడు. సుక్రి గుమ్మం ముందూ కేకేశాడు.

"కోడలా! కూర ఉడికీసింది. రండి!"

పలుకు లేదు. గాసి లోపలికి తొంగి చూశాడు. బుద్రా మంచం మీద మూలుగుతున్నాడు. ఇద్దరు పిల్లలు చింతపిక్కలు నములుతున్నారు. పొయ్యిలో నిప్పు లేదు. పొయ్యి పక్కన సుక్రి ఊరికే కూర్చుని ఉంది.

"ఆడు మేక ఇచ్చీసినాడు, మీరు తినీసినారు," అంది సుక్రి. "తగువు అయిపోనాది గదా మామా. మరి నా పిల్లలేటి తింటారు? నానేటి పెట్టి దున్నుతాను?"

గాసి చల్లారిన పొయ్యి వంక చూశాడు.

"దున్నకపోతే పంట లేదు. పల్లానికి దిగిపోతాం. షావుకారు ఇంట్లో వెట్టికి ఉంటాం," అంది.

వెట్టికి దిగినవాళ్ళు మళ్ళీ కొండెక్కడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఆ సంగతి గాసికి తెలుసు, సుక్రికీ తెలుసు.

"మూడు సంతలు ఆగు కోడలా," అన్నాడు గాసి. "వాన పడీలోగా నాను కోటకెల్లి అర్జీ ఎట్టుకుంటాను. మన తేనె తింటన్నారు గదా. మన మాట ఇనరా ఏటి?"

ఆ రోజు తన దొప్పెడు కూర తెచ్చి పిల్లల ముందు పెట్టాడు. మర్నాటి నుంచి తన అంబలిలో సగం ఆ ఇంట్లో పోసేవాడు.

మొదటి సంత వచ్చింది. గాసి మూడు కొండలు దిగాడు. మూడు వాగులు దాటాడు. కోటకి వెళ్ళాడు.

అక్కడ అర్జీలు రాసే మనిషి పేరు రాయసం సూరప్ప. చెవిలో ఘంటం, ఒళ్ళో తాటాకుల కట్ట, మొహంలో చిరాకు.

"ఎవడు చేశాడు?" అన్నాడు సూరప్ప.

"దొరికీసినాడు బాబూ."

"ఏం చేశాడు?"

"ఒప్పీసుకున్నాడు బాబూ."

"శిక్ష పడిందా?"

"పడ్డాది బాబూ. తేనె మీకూ వచ్చీసింది."

"మరింకేం కావాలయ్యా నీకు?"

"దెబ్బ తిన్న ఇంటికి గింజలు కావాల బాబూ."

సూరప్ప కట్టంతా తిరగేశాడు. "దొంగకి ఆకు ఉంది. నేరానికి ఆకు ఉంది. శిక్షకి ఆకు ఉంది. దెబ్బ తిన్నవాడికి ఆకు లేదు. ఆకు లేనిదానికి అర్జీ ఎలా రాస్తారు? పో, పో."

గాసి దణ్ణం పెట్టాడు. మూడు వాగులు దాటాడు. మూడు కొండలు ఎక్కాడు.

"ఏటన్నారు మామా?" అంది సుక్రి.

"మనకి ఆకు లేదన్నారు కోడలా. ఆకే గదా, పుట్టిద్దాం."

అంత ధైర్యం వాడికి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడక్కండి. ఊరందర్నీ లేపేవాడికి భయపడడానికి తీరిక ఉండదు. కానీ కోట నుంచి వచ్చిన దారంతా ఒక ఆలోచన వాణ్ణి కుట్టింది. ఇన్నేళ్ళు ఇంటింటికీ పోయి విందుకి పిలిచాను. ఎన్ని ఇళ్ళలో పొయ్యి చల్లగా ఉందో ఏనాడైనా చూశానా? అందుకని ఈసారి పిలవకుండా తిరిగాడు, చూడడానికి తిరిగాడు. ఇంకా రెండిళ్ళు కనబడ్డాయి. ఒకటి గురుబారిది. పగవాళ్ళు గుడిసె తగలబెడితే, ఏడాదిగా ఆయన ఆకుల పందిరి కింద పడుకుంటున్నాడు. రెండోది మంగ్లిది. జాతరలో కొట్లాటలో మొగుణ్ణి పొడిచి చంపేశారు. ఆ రెండు తగువులకీ గాసే పిలిచాడు. ఆ రెండు మేకల కూరా గాసి తిన్నాడు. తల్చుకుంటే వాడికి సిగ్గేసింది.

రెండో సంత వచ్చింది. మూడు కొండలు దిగాడు. మూడు వాగులు దాటాడు. ఈసారి సూరప్పని దాటుకుని దివాను ముందు నిలబడ్డాడు. కోట వ్యవహారాలన్నీ నడిపేది దివానే. ముప్పై ఏళ్ళుగా ఆ కొండల్లో తేనె వసూలు చేసిన మనిషి.

"నువ్వు చెప్పేది నిజమని నాకేమిటి నమ్మకం?" అన్నాడు దివాను. "వాళ్ళని తీసుకురా. కోట గుమ్మంలో నిలబెట్టు. విరిగిన చెయ్యి చూపించాలి, జరిగింది నలుగురి ముందూ చెప్పాలి. అప్పుడు చూద్దాం."

గాసి తిరిగొచ్చి ఆ మాట చెప్పాడు. సుక్రి మొహం నల్లబడింది.

"పెద్దల ముందు ఒకసారి సెప్పినాను మామా. సెప్తుంటే మల్లీ కొడతన్నట్టే ఉన్నాది. కోట గుమ్మంలో అందరూ సూత్తుంటే నానెలా సెప్పీది? నా మొగుడి సెయ్యి సంతలో సరుకు కాదు."

మంగ్లిని అడిగాడు. మంగ్లి రానంది. గురుబారిని అడిగాడు. గురుబారి తల అడ్డంగా ఊపాడు. ఇంకొకడైతే విసుక్కునేవాడు. గాసి విసుక్కోలేదు.

"ఆల్లు అడిగిందే బాగోలేదు," అన్నాడు. "మీరెవులూ రావద్దు. మీ మాట నాను మోసుకెల్తాను."

ఎలా మోసుకెళ్ళాలో మాత్రం వాడికి తెలియలేదు.

మూడో సంత వచ్చింది. పొద్దున్నే గాసి సుక్రి ఇంటికి వెళ్ళేసరికి మూటలు కట్టి ఉన్నాయి. సుక్రి వంగి పొయ్యిరాయిని నేలలోంచి పెకలిస్తోంది. ఆ కొండ మీద పొయ్యిరాయిని ఊరికే కదపరు. ఇల్లు చచ్చిపోయినప్పుడే కదుపుతారు. కొత్త ఇంటికైనా పాత రాయే, కొత్త కోడలికైనా పాత రాయే.

"ఈ రాయి నాకియ్యి కోడలా," అన్నాడు గాసి. "ఎల్లుండి పొద్దుగూకీలోగా దీన్ని నీ గుంటలోనే పెడతాను. పెట్టలేకపోతే అప్పుడు దిగిపోండి."

సుక్రి వాడి మొహంలోకి చూసింది. రాయి ఇచ్చింది. మంగ్లి ఒక రాయి ఇచ్చింది. కాలిన గుడిసెలోంచి గురుబారి ఒక రాయి ఇచ్చాడు. గాసి రెండు రాళ్ళు కావడికి ఒక పక్కన వేశాడు. ఒకటి రెండో పక్కన వేశాడు. కావడి ఒరిగిపోతుంటే తేలిక పక్కన తన అంబలి సొరకాయ బుర్ర కట్టాడు.

ఊరి పెద్ద నాయుడు పరుగెత్తుకొచ్చాడు. "ఓరి గాసీ! పొయ్యిరాయిని ఊరు దాటిస్తావా? ఊరికి అరిష్టంరా!"

"అరిష్టం ఎప్పుడో వచ్చీసింది నాయుడా. మనం కూర తింటూ సూడలేదు," అన్నాడు గాసి. నాయుడు దారి ఇచ్చాడు.

మూడు కొండలు దిగాడు. మూడు వాగులు దాటాడు. భుజం కమిలిపోయింది. కోట గుమ్మంలో సూరప్ప పడీ పడీ నవ్వాడు. "రాళ్ళతో అర్జీయా! ఇవి ఏ కట్టలో పెట్టమంటావు?" దివాను లోపలికి రానివ్వలేదు. గాసికి ఇంక ఒకటే దారి కనబడింది. కావడి దించాడు. గుండెల నిండా గాలి పీల్చాడు. కొండ మీద కేకేసినట్టే కేకేశాడు.

"కోటలో ఉన్నోల్లంతా రండహో! తగువున్నాదహో!"

పావురాలు లేచిపోయాయి. గుర్రాలు కట్లు తెంచుకున్నాయి. కోటకి నిప్పంటుకుందేమో అనుకుని రాజు తింటున్న చేత్తోనే బయటికి వచ్చాడు. రాజు వెనక వంటింటి పైడమ్మ గరిటెతోనే వచ్చింది.

"ఎవరు నువ్వు? ఈ రాళ్ళేమిటి?" అన్నాడు రాజు.

"బారిక గాసిని మారాజా. ఇవి మూడిళ్ళ పొయ్యిరాళ్ళు. తప్పు సేసినోల్లకి జరిమానా పడ్డాది. తేనె మీకు వచ్చీసింది. దెబ్బ తిన్నోల్లకి ఏటీ రాలేదు."

"ఎవరి ఇళ్ళు?"

"పేరు అడక్కు మారాజా. సెప్తే రేపు సంతలో అందరూ ఆల్లకేసి వేలు సూపుతారు. రాయిని అడుగు, అదే సెప్తాది."

రాజు రాయి వంక చూశాడు. రాజులకి రాళ్ళ సంగతి ఏం తెలుస్తుంది? పైడమ్మని పిలిచాడు. పైడమ్మ కూర్చుని ఒక్కో రాయినీ తడిమింది. వాసన చూసింది. పగుళ్ళలోకి తొంగి చూసింది.

"మంట తగిలే పక్క ఏది బాబూ? ఈ నల్లటి పక్క. ఇక్కడ చీమలు గుడ్లు పెట్టాయి. వేడెక్కే రాయిలో చీమ గుడ్డు పెడుతుందా? దీనికి నిప్పు తగిలి మూడు వారాలు. ఇదిగో, దీనికి ఆరు నెలలు. ఈ మూడోదానికి పాచి పట్టింది, ఏడాది పైమాటే." గరిటె రాజుకేసి చూపించింది. "మన వంటింట్లో ఒక్క పూట పొయ్యి ఆలస్యమైతే తమరు ఎంత గోల చేస్తారు?"

రాజు తన ఎంగిలి చెయ్యి చూసుకున్నాడు. నవ్వబోయి నవ్వలేకపోయాడు.

"ప్రభూ," అన్నాడు దివాను, "ఇవాళ ఇస్తే రేపు కొండంతా రాళ్ళు మోసుకొస్తుంది."

"ముప్పై ఏళ్ళు ఆ కొండల్లో తిరిగావు కదా," అన్నాడు రాజు. "కొండవాడు పొయ్యిరాయిని ఎప్పుడు పెకలిస్తాడు?"

దివాను గొంతు సవరించుకున్నాడు. "ఇల్లు పోయినప్పుడు ప్రభూ."

"అబద్ధం చెప్పడానికి పెకలిస్తాడా?"

దివాను రాళ్ళ వంక చూశాడు. ఎంతైనా తెలిసిన మనిషి. "పెకలించడు ప్రభూ," అన్నాడు చివరికి.

"నీకేం కావాలో అడుగు గాసీ."

గాసి వేళ్ళు మడుస్తూ చెప్పాడు. "సంత సంతకీ ఇంటికి అంబలి కాసుకోడానికి ఒక కుంచెడు చోళ్ళు, పంట సేతికొచ్చీదాకా. పొలం ఉన్నోల్లకి ఇత్తనం. దున్నుకోడానికి కోట మందలోంచి ఎద్దుల జత, పని అవగానే తిరిగిచ్చీస్తాం. ఈ మూడిళ్ళకే కాదు మారాజా. ఇకమీదట కొండ మీద దెబ్బ తిన్న పెతీ ఇంటికీ."

రాజు సూరప్ప వైపు చూశాడు. సూరప్ప గొణుక్కుంటూ కొత్త తాటాకు తీశాడు, ఘంటం పదును పెట్టాడు, దెబ్బ తిన్నవాళ్ళకి ఒక ఆకు రాశాడు.

చెప్పిన రోజున పొద్దు ఇంకా కొండ మీద ఉండగానే గాసి వచ్చాడు. ముందు ఎద్దుల జత, వెనక కావడి. సుక్రి మూటల మీద కూర్చుని ఉంది. గాసి ఒక్క మాట మాట్లాడకుండా లోపలికి పోయి రాయిని దాని గుంటలో పెట్టాడు. చోళ్ళు పోశాడు. సుక్రి పొయ్యి వెలిగించింది. పొగకి కళ్ళు మండాయంది కానీ ఆవిడ ఏడ్చింది. మంగ్లి రాయి, గురుబారి రాయి కూడా గింజలతో సహా వాళ్ళ వాళ్ళ చోటికి చేరాయి. నాలుగో రోజున వాన పడింది. చెయ్యి కట్టుకట్టిన బుద్రా గట్టు మీద కూర్చుని చెబుతుంటే సుక్రే దున్నింది.

ఆ తర్వాత గాసి చాలా ఏళ్ళు బతికాడు. కోట నుంచి గింజలు మోస్తూనే ఉన్నాడు. ఏ తగువుకి పిలవాల్సి వచ్చినా ముందు దెబ్బ తిన్న ఇంట్లోకి తొంగి చూసేవాడు. పొయ్యి వెలిగేదాకా కూటానికి కేక వేసేవాడు కాదు. పెద్దలు కల్లు కుండల ముందు కూర్చుని గుటకలు మింగుతూ ఉండాల్సిందే.

ఒకనాడు పొద్దున గాసి లేవలేదు.

నాయుడు గుడిసె ముందు నిలబడి తల పట్టుకున్నాడు. ఎవరైనా పోతే కొండలకి కబురు చెప్పాల్సినవాడు బారిక. ఆ బారికే పోయాడు. వాడికి వారసుడూ లేడు. "ఎవులు కేకేస్తారు? మనం నలుగురమే మొయ్యాల కాబోలు," అన్నాడు.

వాళ్ళు అలా అనుకుంటూ ఉండగానే దారి మీద జనం కనబడ్డారు. రోజూ తన ఇంటికి అంబలికి వచ్చే గాసి ఆ రోజు రాలేదని సుక్రి పక్కింటికి చెప్పింది, పక్కిల్లు పక్క ఊరికి చెప్పింది. ఈ కొండ నుంచి వచ్చారు. ఆ కొండ నుంచి వచ్చారు. వాగు అవతలి కొండ నుంచీ వచ్చారు. ఎవరికి వాళ్ళు నిప్పు తెచ్చారు, చోడిపిండి తెచ్చారు. నడవలేని గురుబారిని మోసుకొచ్చారు. అందరికంటే ముందు సుక్రి ఉంది. జుట్టు నెరిసిపోయింది.

నాయుడు కళ్ళు తుడుచుకున్నాడు. "మిమ్మల్ని ఎవులు పిలిచినారు?"

"గాసి మామ పిలిచినాడు," అంది సుక్రి.

ఇప్పుడు ఆ కోట లేదు. రాజులు పోయారు, దివాన్లు పోయారు, సూరప్ప తాటాకులు చెదలు తినేశాయి. ఆ కొండల్లో మాత్రం ఇప్పటికీ ఎవరింటికైనా అన్యాయం జరిగితే చుట్టుపక్కల వాళ్ళు కబురు కోసం చూడరు. చేతికందిన పిండి, నాలుగు నిప్పులు పట్టుకుని బయల్దేరతారు. ఏం జరిగిందని అడగరు, ఎవరు చేశారని అడగరు, ముందు పొయ్యి వెలిగిస్తారు. ఆ ఇంటివాళ్ళు తలెత్తి, మీరెలా వచ్చారు, మిమ్మల్ని ఎవరు పిలిచారు అని అడిగితే, పొయ్యి ఊదుతున్నవాళ్ళు వెనక్కి తిరక్కుండానే చెబుతారు.

"గాసి పిలిచినాడు."