పుస్తకంలో లేని చెలమ

రాచయ్య గురువుకు ప్రశ్నలంటే ఇష్టమే, జవాబులంటేనే పడేది కాదు. ఎవరైనా ఏదైనా అడిగితే చేతికర్ర అందుకుని లేచేవాడు. అడిగినవాడు వెనకే నడవాల్సిందే. అలా నడిచి నడిచి, కాళ్లు బొబ్బలెక్కి, అడిగిన సంగతే మరిచిపోయి తిరిగొచ్చినవాళ్లు మఠంలో చాలామందే ఉన్నారు.

ఆ ఏడు ఎండాకాలంలో అడిగినవాడు నీరుగంటి ఓబన్న. డెబ్బై దాటిన మనిషి. గువ్వలేటి కాలువ కింద పొలాలకు నలభై ఏండ్లు నీళ్లు వదిలినవాడు. ఎవరి మడికి ఎంతసేపు, ఏ పూట అన్నదంతా తలలో పెట్టుకున్నాడే తప్ప కాగితం ముట్టి ఎరగడు. సంతకం కూడా పూర్తిగా రాదు, "ఓబ" దగ్గర ఆగిపోతుంది. అయినా ఏటి సంగతిలో ఆయన మాటకు ఎదురు చెప్పినవాడు లేడు, ఒక్కడు తప్ప. ప్రశ్న ఆ ఒక్కడి గురించే.

"సామీ, ఒక మనిషి మీద నాకు మంట ఉండాది. ముప్పై ఏండ్ల నాటిది. అయితే నేను వాన్ని తిట్టను. వాని ఊసే ఎత్తను. పేరు కూడా నోట రానీను. అట్లుంటే ఆ మంట ఆరినట్టే గదా?"

ఎవరా మనిషి అని గురువు అడగలేదు. కర్ర అందుకుని, "ఓబన్నా, మన పుస్తకం ఎంతదాకా వచ్చింది?" అన్నాడు.

"అయిపోయింది సామీ. మొత్తం ఇరవైనాలుగు నీళ్లు. ఒక్కటి తక్కువ లేదు, ఒక్కటి ఎక్కువ లేదు."

ఆ పుస్తకానికి కారణం ఉంది. గువ్వలేరు వానల్లో తప్ప పారదు. తిరునాళ్లకు కోనలోని గుడికి పోయేవాళ్లు ఏట్లో ఇసుక వెంబడే నడుస్తారు. కిందటేడు అలా పోతూ గాజులు అమ్ముకునే పరాయి ఊరి ఆమె ఒకతె నీళ్లు దొరక్క ఇసుకలో పడిపోయింది. మోసుకొచ్చి బతికించేసరికి మఠానికి తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడే గురువు, ఏటి పొడుగునా ఉన్న ఊటలూ, ఇసుకలో తవ్వుకునే చెలమలూ, మడుగులూ రాయించమన్నాడు. చెప్పేది ఓబన్న, రాసేది సుంకమ్మ. భర్త పోయాక ఎక్కడో దూరపు ఊరి నుంచి మఠానికి చేరిన మనిషి ఆమె. చదవను రాయను వచ్చు, ఎదురు మాట్లాడనూ వచ్చు.

చెప్పడంలో ఓబన్న పెట్టిన కట్టడి ఒకటుంది. పేరు, లోతు, కనుక్కున్నది ఎవరు, ఈ మూడూ లేకుండా ఒక్క నీటిచుక్క కూడా పుస్తకంలోకి రాకూడదు. ఊళ్లో చెప్పుకునే కోతలు ఆయనకు సరిపడవు. "ఏడు నిలువుల మడుగంటారు అబద్ధాలకోర్లు. తాడుకు రాయి కట్టి నేను దింపినా. నాలుగున్నర. రాసుకో," అన్నాడు. పెండ్లికూతురి మడుగు దగ్గర సుంకమ్మ, "పాపం, ఇందులోనే కదా మామా ఆ పిల్ల పడి చచ్చిపోయింది," అంటే ఆయనకు ఒళ్లు మండింది. "ఎవరు చెప్పినారే నీకు? అది బాగా ఈతొచ్చిన పిల్ల. ఏరొచ్చి బండి ఇసుకలో కూరుకపోయి అందరూ ఏడుస్తాంటే, పట్టుచీర బిగించుకుని మొగునికంటే ముందే అత్తగారింటికి ఈదుకుంటా పోయింది. అది రాయి."

"అయితే ఆ పుస్తకం చదువుకుంటూ కోనదాకా పోయొద్దాం," అన్నాడు గురువు. "అందులో ఉన్న నీళ్లే మనకు నీళ్లు."

మర్నాడు తెల్లవారి ముగ్గురూ బయల్దేరారు. సుంకమ్మ చదవడం, అక్కడ నీళ్లు ఉండడం. ఎక్కడా ఒక్క బారెడు తేడా రాలేదు. ఓబన్న మీసం నిమురుకుంటూ ముందు నడిచాడు. ఏడు నిలువుల మడుగు దగ్గర గురువు పంచె బిగించి, ఆ వయసులో కూడా దూకి అవతలి ఒడ్డుదాకా ఈది వచ్చాడు.

"లోతు సరిపోయిందా సామీ?" అని అడిగాడు ఓబన్న.

"కాళ్లకు అందలేదు. నీ మాటే నమ్ముతా," అన్నాడు గురువు.

రెండోనాడు రెండునోళ్ల ఊట దగ్గర సొరబుర్ర నింపుకున్నారు. అక్కడి నుంచి పావురాల గుండం మూడు కోసుల దూరం. సగం నడిచేసరికి బుర్ర ఖాళీ అయింది, పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇసుక పొయ్యి మీది పెనంలా ఉంది. ఏటి నడుమ నల్లగుండు అనే బండ. దాని నీడ మూరెడు కూడా లేదు. గురువు అందులోనే ఒదిగి కూర్చున్నాడు.

"సుంకమ్మా, ఇక్కడేమైనా నీళ్లున్నాయేమో చూడు."

సుంకమ్మ పుట తిప్పింది. "రెండునోళ్ల ఊట, దాని తర్వాత పావురాల గుండం. మధ్యన ఏమీ లేదు సామీ."

"లేవన్నమాట. ఓబన్న తప్పు చెప్పే మనిషి కాదు. పదండి." గురువు కర్ర పట్టుకుని లేచాడు. రెండడుగులు వేసి తూలాడు. మళ్లీ కూర్చున్నాడు. పెదవులు పగిలి తెల్లగా ఉన్నాయి.

ఓబన్న ఆయన వంక చూడలేకపోయాడు. గాజులామె పడిపోయింది కూడా ఈ గుండు పక్కనే. నీళ్లు గుండుకు పడమరగా ఆరు బారల్లో ఉన్నాయి. మోచేతి లోతున తడి తగులుతుంది, రెండు మూరల్లో ఊట. పూడిపోయిన ఆ చోటు బారల లెక్కన చూపగలవాడు ఇప్పుడు ఆయన ఒక్కడే.

ముప్పై ఏండ్ల కిందట, మూడేండ్లు వరసగా వానలు ఎగ్గొట్టిన కరువులో, ఊరు ఊరంతా ఈ గుండు దగ్గర నిలబడి ఓబన్న నోటి వంక చూసింది. ఆయన ఇసుక పిడికిట పట్టి, వాసన చూసి, "ఇక్కడ నీళ్లు లేవు," అన్నాడు. అప్పుడే గంగులప్ప అనే గొర్రెలకాపరి మంద ఒకటి అటు వచ్చింది. అందులో ఒక గొర్రె ఆగి కాలితో ఇసుక గీకింది. గంగులప్ప అక్కడ తవ్వాడు. నీళ్లు పడ్డాయి, టెంకాయ నీళ్లంత తియ్యటివి. ఆ నీళ్లతోనే ఊరు ఆ ఏడు బతికింది. అంతటితో ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. గంగులప్ప అందరి ఎదుటా నవ్వి, "నీరుగంటిని మార్చండప్పా! ఈ తూరి నా గొర్రెకు తలపాగా చుట్టండి!" అన్నాడు.

ఆ ఏడంతా ఓబన్న వీధిలో పోతుంటే ఏదో ఒక అరుగు మీది నుంచి "మే" అని వినిపించేది. ఆయన ఆ చెలమ నీళ్లు ఏనాడూ ముట్టలేదు. గంగులప్ప పోయి పన్నెండేండ్లయింది. పిడికెడు మట్టి వేయడానికి కూడా ఓబన్న పోలేదు. కొడుకులు మంద అమ్ముకుని ఎటో పోయారు. తవ్వేవాళ్లు లేక చెలమ పూడిపోయింది. పూడనీలే అనుకున్నాడు.

గురువు కళ్లు మూసుకుని, "ఇంకెంత దూరం ఓబన్నా?" అన్నాడు.

"కోసున్నర."

"నడవగలనంటావా?"

ఓబన్న తలపాగా తీసి గుండు మీద పెట్టాడు. పడమరగా ఆరు బారలు కొలిచి, మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులా ఇసుక తవ్వసాగాడు. మోచేతి లోతున తడి తగిలింది. గోళ్లలోకి ఇసుక దిగి చురుక్కుమన్నా ఆపలేదు. రెండో మూరకు అడుగున నీళ్లు మిలమిలలాడాయి.

సుంకమ్మ నోరు తెరిచింది. "అయ్యో మామా! ఇక్కడ నీళ్లు పెట్టుకుని..." అంటూ గురువు ముఖం చూసి మిగతాది మింగేసింది.

గురువు మెల్లగా వచ్చి, మూటలోని కొబ్బరిచిప్ప తీసి ముంచబోయాడు. ఓబన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు సామీ. మొదటి నీళ్లు తాగకూడదు. ఇసుకా కుళ్లాకూ ఉంటాయి. తోడి పారబోయాల."

"ఎన్నిసార్లు?"

"ఏటేటా తవ్వే చెలమయితే మూడుసార్లు చాలు. ఏండ్ల తరబడి పూడిపోయిందయితే..." చిప్ప అందుకుని తోడసాగాడు. తోడిన కొద్దీ మట్టిరంగు నీళ్లే ఊరుతున్నాయి. వాటితో పైగుడ్డ తడిపి గురువు నెత్తిన వేశాడు.

సుంకమ్మ పుస్తకం విప్పి, పెన్సిలు నాలుకకు తడి చేసుకుంది. "పేరు?"

"నల్లగుండు చెలమ."

"లోతు?"

"రెండు మూరలు."

"కనుక్కున్నదెవరు?"

ఓబన్న చిప్ప ఎత్తి పారబోశాడు. మళ్లీ ముంచాడు. మళ్లీ పారబోశాడు.

"కట్టడి నువ్వు పెట్టిందే మామా," అంది సుంకమ్మ. "మూడూ లేకుంటే చుక్క నీళ్లు కూడా లోపలికి రానీనంటివి."

ఆయన మళ్లీ ముంచిన చిప్పను పారబోయకుండా చేతిలోనే పట్టుకున్నాడు. "పేరు కొట్టేయి. గంగులప్ప చెలమ అని రాయి. కరువు ఏడు తవ్వినాడు. నేను లేవన్న చోట తవ్వినాడు. ఊరంతా తాగినారు." సుంకమ్మ రాసుకుంటూ పోయింది. ఆమె చెయ్యి ఆగేదాకా చూసి, ఓబన్న నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుని అన్నాడు: "వానికి నోరు జాస్తి. అది గూడా రాయి."

సుంకమ్మ పెన్సిలు ఎత్తి గురువు వంక చూసింది. గురువు ఓబన్న చేతిలోంచి నిండు చిప్ప తీసుకుని, ఎండకు ఎత్తి లోపలికి చూశాడు. అడుగున ఇసుక ఇంకా తిరుగుతూనే ఉంది. పగిలిన పెదవుల దాకా తెచ్చి, తాగకుండా, మెల్లగా పక్కకు వంచేశాడు. ఖాళీ చిప్ప మళ్లీ ఆయన చేతికే ఇచ్చాడు.

"ఇంకా తోడు, ఓబన్నా. నాకేం తొందర లేదు."