మంచు లోయలో గట్టుదారి

ఎవరైనా ప్రశ్నతో వస్తే పరాంకుశం గారు ముందు వాళ్ళ కాళ్ళవంక చూసేవారు. అందులో ఏదో అంతరార్థం ఉందని శిష్యులం చాలాకాలం చర్చించుకున్నాం. చివరికి అడిగితే, "లేసుల బూట్లు విప్పుకుని వచ్చినవాడు తొందరగా లేవడయ్యా" అన్నారు.

ఆ రోజు గవర్రాజు చెప్పులు వాకిట్లో విడిచి వచ్చాడు. పని తొందరగా అయిపోతుందనే అనుకుని ఉంటాడు. అతనిది సామర్లకోటలో సిమెంటు వ్యాపారం. భార్య మాణిక్యాంబ పుట్టింటికి వెళ్ళిపోయింది. ఇంతకుముందు రెండుసార్లు వెళ్ళినప్పుడు, గురువుగారు కబురు పెడితే ఆ మాటమీదే తిరిగి వచ్చింది. ఇప్పుడు మరో కబురు కావాలి.

"ఈసారి నేనేమీ అనలేదండీ. పులుసులో ఉప్పెక్కువైందన్నాను, అంతే. లోగడ ఎన్ని మాటలన్నా పడింది. నెలల తరబడి నేను మాట్లాడకపోయినా ఓర్చుకుంది. మళ్ళీ మంచిగా పలకరిస్తే మామూలుగా ఉండేది. రాయిలాంటి మనిషండీ! ఇంత చిన్నమాటకి వెళ్ళిపోవడమేమిటి?"

పరాంకుశం గారు వయసులో ఉండగా హిమాలయాల్లో ఒక లోయలో కొన్నేళ్ళున్నారు. అక్కడి సంగతి ఎత్తుకున్నారు.

మా గోదావరి వాళ్ళకు నేల గురించి తెలిసిందల్లా ఎండకు బీటలు, వానకు బురద. కాలేజీలో మాకు నేల గడ్డకట్టడం గురించి గంటసేపు పాఠం చెప్పారు. ఉక్కపోతకు ఆ పుస్తకంతోనే విసురుకుంటూ విన్నాం. అది నా తలకెక్కింది ఈయన చెప్పాకనే.

ఆ లోయలో కొండవాలున ఒక గట్టుదారి ఉండేదట. చలికాలంలో మట్టిలోని నీరు గడ్డకట్టి నేల రాయిలా అయ్యేది. గునపం దిగేది కాదు. మూటలెత్తిన కంచరగాడిదలు బారులు బారులుగా దానిమీదే నడిచేవి. ఎండలు రాగానే కరిగేది. గడ్డకట్టేటప్పుడు ఆ నీరు ఉబ్బి మట్టిని లోలోపల విడదీస్తుంది. కరిగాక ఆ మట్టి మునుపటిలా అతుక్కోదు. మళ్ళీ చలి, మళ్ళీ ఎండ. పైకి దారి ఎప్పటిలాగే కనిపించేది. అంచున గడ్డి కూడా మొలిచేది.

ఒక ఏడు, మంచు పోయి ఎండ హాయిగా కాస్తున్న పూట, వీపు మీద ఏ బరువూ లేని కంచరగాడిద ఒకటి దానిమీద కాలు మోపింది. గట్టంతా లోయలోకి జారిపోయింది. తోలుకొస్తున్న మనిషి దాంతోపాటే పోయాడు. కంచరగాడిద మాత్రం ఇవతలికి దూకి బతికింది. ఊరివాళ్ళంతా కలిసి దాన్ని చితకబాదారట.

"నేననేదీ అదేనండీ!" గవర్రాజు మోకాలి మీద చరుచుకున్నాడు. "ఒట్టి వీపుతో నడిచింది, పాపం. దాని తప్పేముంది?"

"దాని తప్పేమీ లేదు."

"మరి మాణిక్యాంబకి కబురు పెడతారాండీ?"

పరాంకుశం గారు అతని వంక తిరిగారు. ఆయన మొహం అంత చేదుగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

"దారి గట్టిగానే ఉంది, నడవమని ఇక నేనెవరికీ చెప్పను గవర్రాజూ" అన్నారు.