గుమ్మం ముందు ముగ్గు

కుంతవరం కోటలో కొలువుకూటం ఊడ్చే పని పైడమ్మది. తెల్లారి మొదలుపెడితే రెండు జాములు పట్టేది. ఎందుకంటే దివాను నరహరి రోజూ గుర్రపుసాల చూసుకుని, ఆ బురద చెప్పులతోనే తిన్నగా లోపలికొచ్చేవాడు. పైడమ్మ ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చుకునేది.

"ఒక్క గదికి రెండు జాములా? రేపు ఒక్క జాములో ముగించకపోతే ఇక కోటకి రాకు," అన్నాడు దివాను ఒకరోజు.

"అలాగే దొరా," అంది పైడమ్మ. ఇల్లు గడిచేది ఆ చీపురుతోనే మరి.

మర్నాడు వేకువనే గుమ్మం పొడుగునా తామరపూల ముగ్గు వేసింది. వాకిట్లో వెన్నెల ఒలికిపోయి అలాగే ఆగినట్టుంది ఆ ముగ్గు. పక్కన ఒక్క మనిషి పట్టేంత దారి వదిలి, అక్కడ నీళ్ళ గంగాళం, చెంబు, గోనెపట్టా పెట్టింది.

దివాను వచ్చి ఆగిపోయాడు.

"అడ్డంగా ఈ ముగ్గేమిటే? చెరిపెయ్!"

"లక్ష్మీదేవికి వేసింది దొరా, పొద్దున్నే చెరపడానికి నాకు చేతులు రావు. తమరు తొక్కేస్తానంటే మీ ఇష్టం."

కొలువు కోసం వసారాలో కాచుకుని ఉన్న ఊరి పెద్దలంతా ఇటే చూస్తున్నారు. దివాను గొణుక్కుంటూ పక్కదారికి తిరిగాడు. తనకంటే ముందు లోపలికి వెళ్ళిన కొలువు ఉద్యోగుల్లాగే చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కోక తప్పలేదు.

జాము గంట మోగేసరికి కొలువుకూటం అద్దంలా ఉంది.

"మరి నిన్నటిదాకా ఏం వెలగబెట్టావే?" అన్నాడు దివాను.

"నిన్నటిదాకా రెండుసార్లు ఊడ్చేదాన్ని దొరా. ఈరోజు ఆ రెండోసారి పని తమరే గంగాళం దగ్గర చేసేశారు."

పెద్దల్లో ఎవరో కిసుక్కుమన్నారు. రేపు ఏ పూల ముగ్గు వేద్దామా అనుకుంటూ పైడమ్మ ఇంటిదారి పట్టింది.