చెలమ దగ్గర ఏకగ్రీవం

ఆ ఏడు ఎండలకి అడవిలో నీళ్ళన్నీ ఇంకిపోయి ఒక్క చెలమ మిగిలింది. దానికో పెద్దని ఎన్నుకోవాలి. పెద్ద చెప్పిన వేళకే అందరూ నీళ్ళు తాగాలి మరి. పోటీ చేసేవాళ్ళు పొద్దుగుంకేలోపు చెలమ పక్కనున్న రేగుపొదకి తమ బొచ్చు తగిలించాలి. ఒక్కరిదే ఉంటే ఓట్లు లేవు, ఏకగ్రీవం. లెక్క చూసేది ముసలి తాబేలు, దాని మాటకి కాపు ఏనుగుల మంద.

పొద్దున్నే చిరుతపులి తన బొచ్చు తగిలించేసింది. ఇక చిరుత తరఫున నక్క ఇంటింటి తిరుగుడు మొదలైంది. మహా మర్యాదస్తుడు లెండి, పిల్లాపాపల క్షేమం అడక్కుండా అసలు మాటకి రాడు.

కుందేలు నూకాలు బొరియ ముందు చతికిలబడి అన్నాడు, "ఏకగ్రీవం అంటే ఏంటనుకున్నావమ్మా? అందరిదీ ఒకే మాట. రెండో బొచ్చు కనబడితే మాత్రం అదెవరిదో దొరగారు వాసన పట్టేస్తారు. అన్నట్టు, నీకు పిల్లలెంతమంది?"

"ఇద్దరు మామా," అంది నూకాలు.

వాడెళ్ళాక నూకాలు ఆలోచనలో పడింది. చిరుత పెద్దయితే పిల్లల్ని నీళ్ళకి పంపేదెలా? పంపకపోతే దాహంతో చస్తారు, పంపితే దాని నోట్లో పడతారు. దుప్పినీ పందినీ నిలబడమని బతిమాలింది. నువ్వే నిలబడరాదా అని తలలు తిప్పుకున్నాయి. ఇంకొక్క బొచ్చయితేనే కదా వాసన పట్టేది, అందరివీ ఉంటే ఎవరినని పట్టుకుంటుంది, అనుకుంది నూకాలు.

మిట్టమధ్యాహ్నం వెళ్ళి రేగుపొదలో పెద్ద కొమ్మని మొదట్లో సగం కొరికింది. కొమ్మ విరక్కుండా చెలమ దారికి అడ్డంగా వాలింది. దాని కిందనుంచి దూరి ముందు తనే నీళ్ళు తాగొచ్చింది. సాయంత్రం దాకా దాహంతో వచ్చినవాళ్ళంతా ఆ ముళ్ళు రాసుకునే వెళ్ళారు.

పొద్దుగుంకాక తాబేలు పొద చూసి, "చిరుతతో కలిపి ముప్పై రెండు బొచ్చులు. గడువు దాటింది, ఇక వెనక్కి తీసుకునేది లేదు. రేపు ఓట్లు," అంది.

చిరుత ఒక్కో ముల్లూ వాసన చూసుకుంటూ పోయి చివరి ముల్లు దగ్గర ఆగింది. దానికి ఎర్రబొచ్చు వేలాడుతోంది.

"నువ్వు కూడానట్రా?" అంది నక్క వైపు తిరిగి.

"దొరా, దాహమేసి..." అన్నాడు నక్క. మిగతాది పారిపోతూ చెప్పాడు, ఎవరికీ వినబడలేదు.

మర్నాడు చాటుగా వేసిన ఓట్లలో చిరుతకి ఒక్కటే పడింది. అది దానిదే.

కాదనే ధైర్యం ఉండి కూడా ఎవరూ కాదనకపోతే అది ఏకగ్రీవం. భయంతో నోళ్ళు మూతబడితే అది వట్టి భయమే.