ఏటిగడ్డ గుట్ట మీది పాలనరాలమ్మ

ఏటిగడ్డ దాటి గుట్టెక్కే భక్తులారా, తొందరపడి అమ్మవారి ముఖం కోసం వెతకకండి! ఇక్కడ అమ్మ రాతి ఆవు. ముందు మోకాళ్ల మీద వంగి, పొట్ట కింద పొదుగు దాకా మెలికలు తిరిగిన లావుపాటి నరాన్ని చేత్తో తడమాలి. ముఖదర్శనం ఆ తర్వాతే.

పూర్వం ఇక్కడ గొల్ల మాచమ్మ ఒక కామందు మందను ఏడేళ్లు కాసింది. అందుకు ప్రతిఫలంగా పాడి ఆవునొకదాన్ని కోరుకోమన్నాడాయన. ఒకసారి పలుపు పట్టాక మార్చుకునే మాట లేదు. మాచమ్మ కూతురు కాన్పులో పోయింది. ఇరవై రోజుల మనవరాలు పాల కోసం గుక్కపట్టి ఏడుస్తోంది.

మందలో పాలిచ్చేవి రెండే. ఒకటి తెల్లావు. ఎత్తయిన మూపురం, నిగనిగలాడే ఒళ్లు, నుదుట మంచి సుడి. రెండోది తుంటి ఎముకలు పొడుచుకొచ్చిన మచ్చలావు, పైగా వీపు మీద చెడ్డ సుడి. తమ్ముడు గంగులు తెల్లావునే పట్టమన్నాడు.

"సుడి చూడందే మనోళ్లు దూడనైనా కొనరు గదక్కా! ఆ బొమికల గూడును తోలుకుపోతే ఊరంతా నవ్వుద్ది."

మాచమ్మకు ఏమీ పాలుపోలేదు. మధ్యాహ్నం గుట్ట నీడన కునుకు పట్టింది. పసుపు చీర కట్టిన ముత్తైదువ కలలో కనిపించి, "నీ మనవరాలు సుడి తాగుతుందా, పాలు తాగుతుందా? వంగి చూడవే!" అని కసిరింది.

మాచమ్మ ఉలిక్కిపడి లేచి మందలోకి పరుగెత్తింది. తెల్లావు పొదుగు పెద్దదే, కానీ దూడ తాగి వదిలినా గట్టిగా అలాగే ఉంది. అంతా కండే! మచ్చలావు పొదుగు మాత్రం దూడ తాగేసరికి ఖాళీ సంచిలా ముడతలు పడింది, అంటే ఉన్నదంతా పాలే. పలచని చర్మం, వెడల్పాటి నడుము, పొట్ట కింద వేలెడు లావున పాలనరం!

"ఇదేరా గంగులూ!" అని కేకేసి పలుపు పట్టేసింది.

మర్నాడు పిండితే చెంబు నిండింది, తపేలా నిండింది, ఊరు నవ్వుద్దన్న గంగులే పక్కింటి కుండ కోసం పరుగు తీశాడు! పట్టరాని సంతోషంతో మాచమ్మ తొలి చెంబును గుట్టకు తెచ్చి, కలలోని తల్లికని బండ మీద వంచింది. చుక్క రాలలేదు. "ముందు బిడ్డకు పొయ్యవే!" అన్న మాట వినిపించింది. ఏడుస్తూ, నవ్వుతూ ఇంటికి పరిగెత్తింది. పసిది కడుపారా తాగి నిద్రపోయింది. ఎన్నో ఈతలు ఈనిన ఆ ఆవు చివరికి ఈ గుట్ట మీదే నిలుచున్నచోట శిలైంది.

నేటికీ ఈ చుట్టుపక్కల ఆవు ఈనితే, జున్నుపాలు అయిపోయాక తొలి చెంబు తల్లిలేని బిడ్డకో, పాలు పడని బాలింత ఇంటికో వెళుతుంది. అలా ఇచ్చినవారి దొడ్లో పొదుగు ఎండదని నమ్మకం. అభిషేకానికి ఎంత పెద్ద బిందె ఎత్తుకొచ్చినా, గోత్రం కంటే ముందు పూజారి అడిగే మాట ఒకటుంది.

"బిడ్డ తాగిందా?"

తాగిందంటేనే తలుపు తీస్తారు.