ఈరమ్మ ఓపీ చీటీలు

పేగుల జబ్బుల వార్డులో ఎవరైనా ప్రశ్న వేస్తే ప్రొఫెసర్ కోదండపాణి గారు బోర్డు దగ్గరికి వెళ్లరు, మంచం దగ్గరికి నడుస్తారు. ఇరవై ఏళ్లుగా ఆయన పాఠం చెప్పే పద్ధతి అదే.

"సార్, కోట్లకొద్దీ బాక్టీరియా అందరి పేగుల్లోనూ ఉంటుంది కదా. చాలామందికి తిన్నది అరిగించిపెట్టే ఆ క్రిములే కొందరిలో ఏళ్ల తరబడి వాపు ఎందుకు రేపుతాయి? క్యాన్సర్ దాకా ఎందుకు లాక్కెళ్తాయి? తప్పు వాటిదా, పేగుదా?" అని అడిగాడు ఆయన దగ్గర పీజీ చేస్తున్న ప్రభుదాస్.

ఆయన అతన్ని ఏడో మంచం దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ ఈరమ్మ ఉంది. మిర్చి యార్డులో తొడిమలు తీసే మనిషి. పెద్దపేగులో గడ్డ, క్యాన్సరని మొన్ననే తేలింది. రేపు ఆపరేషన్. బతుకుతుందని గట్టిగా చెప్పగలిగినవాళ్లు ఆ వార్డులో ఒక్కరూ లేరు.

"నెత్తురు ఎన్నాళ్లుగా పడుతోందమ్మా?"

"తొమ్మిదేళ్లు సారూ. మిరపకాయల్లో కూర్చునే ఒళ్లు గదా, వేడి చేసిందన్నారు. సబ్జా గింజలు తాగా, మజ్జిగ తాగా. మరీ ఎక్కువైతే ఇక్కడికే వచ్చేదాన్ని. బిళ్లలు రాసిచ్చేవోళ్లు. నాల్రోజులు ఆగేది, మళ్లీ మొదలు."

దిండు కింద నుంచి పాత ఓపీ చీటీల కట్ట తీసి ఇచ్చింది. అన్నిటిలోనూ ఒకటే మాట, మొలలు. ఒకటే మందు, ఐదు రోజుల యాంటీబయాటిక్. వేలుపెట్టి పరీక్షించిన పాపాన ఒక్కరూ పోలేదు, పేగులోకి కెమెరా గొట్టం వేసి చూసిన ఊసే లేదు. తొమ్మిదేళ్లండీ! లోపల వాపుతో పేగు గోడ మీది జిగురుపొర పలచబడుతూ పోయింది. మేలుచేసే క్రిములు తగ్గి, వాపులోనే బలిసేవి గోడకు అంటుకున్నాయి. కణాలు చెడుతూ వచ్చాయి. బయట మనుషులేమో వేడి అని ఒకరు, మొలలని ఒకరు! ఒళ్లు మండదూ?

ప్రభుదాస్‌కీ మండింది. అన్నిటికంటే పాత చీటీ పట్టుకుని ఊగిపోయాడు.

"మనిషిని ముట్టుకోకుండానే రాసి పారేశాడు సార్! వీడసలు డాక్టరేనా? ఎవడండీ ఈ మహానుభావుడు?"

"కింద సంతకం చూడు."

చూశాడు. తను రాసే కేసు షీట్ల మీద రోజూ పడే సంతకమే అది. చదువురాని ఈరమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

కోదండపాణి గారు స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు.

"ఈరమ్మా, మొదటిసారి నిన్ను చూడకుండా మొలలని రాసింది నేనే. ఆ రోజు ఓపీలో నూట ఎనభై మంది ఉన్నారు. అది నా సాకు, నీకు పనికొచ్చేది కాదు."

ఆమె ఆయన వైపు తిరిగింది. "అప్పుడే చూసుంటే ఇంతదాకా వచ్చేదా సారూ?"

"బహుశా వచ్చేది కాదమ్మా."

ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. ఆయన లేచారు. ప్రభుదాస్ చేతిలోని చీటీ తీసుకుని తన జేబులో పెట్టుకున్నారు.

"గ్లవుజులు తీసుకుని రా. ఓపీలో జనం కూర్చున్నారు."